నవ్వించే పత్రిక నిలదీస్తే: బ్రిటన్ సంస్థల గురించి పాఠకుల ప్రశ్నలు

తప్పుడు కంప్యూటర్ లెక్కల ఆధారంగా పోస్టాఫీసు కౌంటర్లు నడిపే వందలమందికి శిక్షలు పడిన బ్రిటన్ పోస్టాఫీసు కుంభకోణం గురించి ఈ శీర్షికలో ఇటీవల క్లుప్తంగా రాశాం. ఆ దేశంలో ప్రభుత్వ సంస్థలను నిలదీసే పత్రికల గురించి ఇంకా వివరంగా చెప్పమంటూ ఆ తర్వాత పలువురు ఉత్తరాలు రాశారు. ఒకే తీరుగా ఉన్న ప్రశ్నలను కలిపి, ఈ సంచికలో జవాబులన్నీ ఆ విషయానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: లండన్‌లో ‘ప్రైవేట్ ఐ’ అనే పక్షపత్రిక ఉందనీ, అందులో సగం కార్టూన్లూ ఎగతాళీ, సగం కుంభకోణాల వార్తలూ ఉంటాయనీ విన్నాను. ఎగతాళి చేసే పత్రిక ఆరోపణ చేస్తే అక్కడివాళ్లు నిజంగా పట్టించుకుంటారా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: పట్టించుకుంటారు, అయితే ఆ నమ్మకం కుదరడానికి ఏళ్లు పట్టింది. 1961 అక్టోబరులో ఆ పత్రిక మొదలైంది. ష్రూస్‌బరీలోని ఒక బడిలో కలిసి చదువుకున్న రిచర్డ్ ఇన్‌గ్రమ్స్, క్రిస్టఫర్ బుకర్, విల్లీ రష్టన్ దాని తొలి బృందంలో ముఖ్యులు. మరుసటి ఏడాది హాస్యనటుడు పీటర్ కుక్ దానికి యజమాని అయ్యాడు. మొదట్లో అది అచ్చంగా వ్యంగ్య పత్రికే. అదే బడిలో చదివిన పాల్ ఫుట్ అనే విలేకరి 1960ల రెండో సగంలో వచ్చి చేరాక వెనక పేజీల్లో పరిశోధన వేళ్లూనుకుంది. 1963 నుంచి 1986 దాకా ఇన్‌గ్రమ్స్, అప్పటి నుంచి ఇయాన్ హిస్లప్ సంపాదకులు. అరవై ఏళ్లకు పైబడిన ఒక పత్రికకు ఇన్నేళ్లలో ముఖ్యంగా ఇద్దరే సంపాదకులుండటం దాని స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి పనికొచ్చే విషయం. ఇవాళ్టికీ రెండు లక్షలకు పైగా ప్రతులు, అదీ ఎక్కువగా అచ్చు రూపంలోనే, అమ్ముడవుతున్నాయి.

నమ్మకం ఎలా కుదిరిందో చెప్పడానికి జాన్ పౌల్సన్ ఉదంతం చాలు. ఈయన యార్క్‌షైర్‌కు చెందిన వాస్తుశిల్పి. బడులు, ఆసుపత్రులు, ఇళ్ల సముదాయాలు కట్టే ప్రభుత్వ పనులు తన సంస్థకే దక్కేలా ఊరూరా కౌన్సిలర్లకూ అధికారులకూ డబ్బు, కానుకలు, విహార యాత్రల ఖర్చులు ముట్టజెప్పాడు. దీన్ని మొదట తవ్వినవాడు బ్రాడ్‌ఫర్డ్ నగరపు దినపత్రిక ‘టెలిగ్రాఫ్ అండ్ ఆర్గస్’లో పనిచేసే రే ఫిట్జ్‌వాల్టర్ అనే యువ విలేకరి. 1970 ఏప్రిల్‌లో ఆ దినపత్రికలో అతని కథనమూ, దాని వెంటనే ‘ప్రైవేట్ ఐ’లో పాల్ ఫుట్ కథనమూ వచ్చాయి. పౌల్సన్ కంపెనీల్లో ఒకదానికి అధ్యక్షుడిగా పనిచేసిన రెజినాల్డ్ మాడ్లింగ్ అదే ఏడాది ఎన్నికల తర్వాత దేశ హోంమంత్రి అయ్యాడు. 1972లో పౌల్సన్ దివాలా విచారణలో అతని చెల్లింపుల చిట్టా బయటపడింది. పోలీసు దర్యాప్తు మొదలయ్యేసరికి, ఆ పోలీసు శాఖకే మంత్రిగా ఉన్న మాడ్లింగ్ జులైలో రాజీనామా చేయక తప్పలేదు. 1974లో పౌల్సన్‌తో పాటు న్యూకాజిల్ నగర మాజీ నాయకుడు టి. డాన్ స్మిత్ కూడా జైలుకు వెళ్లాడు. పత్రిక రాసిన రెండేళ్లకు కోర్టు కాగితాలు అదే మాట చెప్పినప్పుడు, దాన్ని కొని నవ్వుకుని పక్కన పడేసినవాళ్లు వెనక పేజీలను మళ్లీ తిప్పి చదవడం మొదలుపెట్టారు.

ఎగతాళి వల్ల ఆరోపణ పలచబడుతుందన్న మీ సందేహం సహజమే. ఆ పత్రిక హాస్యాన్ని హాస్యంగానూ, వార్తను వార్తగానూ వేర్వేరు పేజీల్లో ఉంచుతుంది. కార్టూన్ల కోసం కొన్న మనిషి చేతికి ఆసుపత్రి కాంట్రాక్టు గురించిన రెండు కాలమ్‌ల వార్త కూడా చేరుతుంది. విడిగా అచ్చువేస్తే ఆ వార్తను డబ్బిచ్చి కొనేవాళ్లు ఎంతమంది ఉంటారు? వ్యంగ్యం చేసే అసలు మేలు ఇక్కడే ఉందని మా అభిప్రాయం.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. కంప్యూటర్ లెక్క తప్పితే వందలమంది జైలుపాలవడం ఎలా సాధ్యం? అన్నేళ్లు పత్రికలు ఏం చేస్తున్నాయి? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: మీ మొదటి ప్రశ్నకు జవాబు సాఫ్ట్‌వేర్‌లో కొంత, చట్టంలో కొంత, ఒక సంస్థ మొండితనంలో చాలా ఉంది.

బ్రిటన్‌లో ఊరి పోస్టాఫీసులను చాలావరకు ఉద్యోగులు నడపరు. కిరాణా కొట్టో, పుస్తకాల కొట్టో పెట్టుకున్నవాళ్లు పోస్టాఫీసు సంస్థతో ఒప్పందం చేసుకుని, ఆ కొట్టులోనే ఒక కౌంటరు నడుపుతారు. వాళ్లను సబ్‌పోస్ట్‌మాస్టర్లు అంటారు. 1999 నుంచి ఈ కౌంటర్లన్నిటికీ ‘హొరైజన్’ అనే లెక్కల వ్యవస్థను బిగించారు. దాన్ని తయారుచేసి నిర్వహించినది ఫుజిట్సు. తెర మీద చూపిన మొత్తానికీ గల్లాపెట్టెలో ఉన్న నగదుకూ తేడా వస్తే, ఆ తేడాను సబ్‌పోస్ట్‌మాస్టరే సొంత డబ్బుతో పూడ్చాలని సంస్థ పట్టుబట్టేది. లెక్క సరిపోయిందని ఒప్పుకోకపోతే మర్నాడు కౌంటరు తెరిచే వీలుండదు. ఒప్పుకుంటే, తప్పుడు లెక్కను నిజమని సంతకం చేసినట్టే, అంటే అదే ఒక నేరం.

ఒక పొరపాటు ఎలా పుట్టేదో దగ్గరగా చూడండి. 2015లో స్కాట్లాండ్‌లోని డాల్‌మెలింగ్టన్ దగ్గర ఒక కౌంటరుకు 8,000 పౌండ్ల నగదు వచ్చింది. అక్కడివారు ఆ మొత్తాన్ని నమోదు చేస్తూ మీట నొక్కితే తెర కదలలేదు. కదల్లేదు కదా అని మళ్లీ నొక్కారు, మళ్లీ నొక్కారు. లోపల మాత్రం ప్రతి నొక్కుకూ మరో 8,000 జమ అవుతూ వచ్చింది. చివరికి చేతిలో 8,000, తెర మీద 32,000. మిగిలిన 24,000 పౌండ్లు ‘మాయమైనట్టు’ లెక్క తేలింది. హ్యాంప్‌షైర్‌లోని సౌత్ వార్న్‌బరో అనే పల్లెలో కౌంటరు నడిపిన జో హ్యామిల్టన్ 2,000 పౌండ్ల తేడా వచ్చిందని హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టే చేస్తే, ఆమె కళ్లముందే ఆ తేడా రెట్టింపైంది. ఇలా ఫోన్ చేసినవాళ్లలో చాలామందికి అటునుంచి వచ్చిన సమాధానం ఒక్కటే: మీ ఒక్కరికే ఈ సమస్య, ఇంకెవరూ చెప్పలేదు. ఆ మాట అబద్ధం. మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఎక్కువమందిని కుంగదీసింది ఈ అబద్ధమేనని మేం భావిస్తాం, ఎందుకంటే తనొక్కడికే జరిగిందనుకున్న మనిషి తననే అనుమానించుకుంటాడు తప్ప యంత్రాన్ని కాదు.

చట్టం సంగతికి వస్తే, ఇంగ్లండ్‌లో కంప్యూటర్ సాక్ష్యం ఇచ్చేటప్పుడు ఆ యంత్రం సరిగా పనిచేస్తోందని రుజువు చూపాలన్న నిబంధన 1984 నాటి చట్టంలో ఉండేది. దాన్ని 1999లో రద్దు చేశారు. అప్పటి నుంచి యంత్రం సరిగానే ఉందని కోర్టు ముందే అనుకుంటుంది; కాదని చూపే భారం నిందితుడిది. ఫుజిట్సు లోపలి రికార్డులు చూసే అవకాశమే లేని ఒక కొట్టు యజమాని ఆ భారాన్ని ఎలా మోస్తాడు? మన దగ్గర సాక్ష్య చట్టంలోని 65బి సెక్షను ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం అడిగేది, 2024 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో 63వ సెక్షనూ అడుగుతోంది. అయితే 65బి కింద ఆ ధ్రువపత్రం ఇచ్చేది వ్యవస్థ చేతిలో ఉన్నవారే, కొత్త చట్టం దానికి తోడు ఒక నిపుణుడి సంతకమూ అడుగుతోంది; ఏదేమైనా, యంత్రంలో తప్పున్నా ఒప్పుకోని సంస్థ ముందు అదొక్కటే రక్ష కాదని గుర్తుంచుకోవాలి. మీలాంటి వృత్తిలో ఉన్నవారు దీన్ని మాకన్నా బాగా వివరించగలరు.

దీనికి తోడు, ఇంగ్లండ్, వేల్స్‌లలో పోస్టాఫీసు సంస్థ పోలీసులతో పనిలేకుండా తనే క్రిమినల్ కేసు నడిపేది. డబ్బు పోయిందన్నదీ, దర్యాప్తు చేసిందీ, కోర్టులో వాదించిందీ ఒకే సంస్థ. 1999, 2015 మధ్య హొరైజన్ లెక్కల ఆధారంగా శిక్షపడినవారు 900 పైచిలుకు, అందులో 700 దాకా కేసులు పోస్టాఫీసు స్వయంగా పెట్టినవే. వారిలో మన దేశంలో పుట్టినవారూ, మన ఉపఖండం మూలాలున్నవారూ ఎందరో ఉన్నారు. సర్రే కౌంటీలోని వెస్ట్ బైఫ్లీట్‌లో కౌంటరు నడిపిన సీమా మిశ్రాకు 2010 నవంబరులో 15 నెలల శిక్ష విధించారు. ఆమె అప్పుడు గర్భవతి. ఆ రోజు ఆమె కొడుకు పదో పుట్టినరోజు.

ఇక పత్రికల సంగతి. వేల్స్‌లోని ల్యాండుడ్నో దగ్గర కౌంటరు నడిపిన ఆలన్ బేట్స్, లెక్క చూపని తరుగును కట్టనని ఎదురు తిరిగినందుకు 2003లో కాంట్రాక్టు పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడాది ఆయన ‘కంప్యూటర్ వీక్లీ’ అనే వృత్తిపత్రికకు ఉత్తరం రాశాడు. ఒక్కరి మాట సరిపోదని ఆ పత్రిక ఆగింది. ఇంకొందరు దొరికాక, 2009 మేలో రెబెకా టామ్సన్ అనే విలేకరి ఏడుగురి అనుభవాలను కలిపి రాసింది. ‘మీ ఒక్కరికే’ అన్న మాట అక్కడ మొదటిసారి బద్దలైంది. ‘ప్రైవేట్ ఐ’ 2011లో ఈ విషయాన్ని అందుకుంది. పెద్ద దినపత్రికలు ఒకసారి రాసి వదిలేసిన చోట, ఇవి రెండూ ఏళ్ల తరబడి, సంచిక వెనక సంచికగా, చిన్న చిన్న వార్తలు వేస్తూనే వచ్చాయి: సంస్థే నియమించిన స్వతంత్ర ఆడిటర్లను 2015లో ఎందుకు సాగనంపారు, బయటి నుంచి ఫుజిట్సు సిబ్బంది బ్రాంచి ఖాతాల్లోకి చొరబడగలరా లేదా, అధికారులకు ఏమేం బహుమానాలు దక్కాయి. ఒక్కో వార్త చూస్తే గొప్పగా ఏమీ కనిపించదు. అన్నీ కలిపి చదివితే నేరం కనిపిస్తుంది. రిచర్డ్ బ్రూక్స్, నిక్ వాలిస్ 2020లో ‘ప్రైవేట్ ఐ’ కోసం అలా కలిపి ప్రత్యేక నివేదిక రాశారు.

ఈలోగా బేట్స్‌తో కలిసి 555 మంది సివిల్ దావా వేశారు. 2019 డిసెంబరులో జడ్జి ఫ్రేజర్ తీర్పిస్తూ, హొరైజన్‌లో లోపాలున్నాయనీ, లేవంటూ సంస్థ చేసిన వాదన ఈ కాలంలో భూమి బల్లపరుపుగా ఉందనడం వంటిదనీ తేల్చారు. రాజీ కింద వచ్చిన 5 కోట్ల 77 లక్షల 50 వేల పౌండ్లలో ఎక్కువ భాగం లాయర్లకూ, దావాకు పెట్టుబడి పెట్టినవారికీ పోగా బాధితులకు మిగిలింది సుమారు కోటీ 20 లక్షలే. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలను కొట్టివేసింది. 2024 జనవరిలో ఈ ఉదంతాన్ని టీవీలో ధారావాహికగా చూశాకే దేశమంతా కదిలింది. ఆ మే నెలలో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి మిగిలినవారిలో చాలామంది శిక్షలను ఒక్కసారిగా రద్దు చేసింది. ఈ వ్యవహారంపై ఏర్పాటైన విచారణ సంఘం అధ్యక్షుడు సర్ విన్ విలియమ్స్ 2025 జులైలో తన నివేదిక తొలి సంపుటి వెలువరిస్తూ, కనీసం 13 ఆత్మహత్యలకు ఈ వ్యవహారంతో సంబంధం ఉండి ఉండవచ్చని రాశారు. ఆ నాటికి ఏ అధికారి మీదా నేరాభియోగం నమోదు కాలేదు. 2009లో అచ్చయిన కథనానికి 2024లో చట్టం బదులివ్వడం పత్రికల విజయమని కొందరు రాశారు. ఆ పదిహేనేళ్లలో ఇళ్లు అమ్ముకున్నవారి ముందు ఆ మాట అనడానికి మాకు నోరు రావడం లేదు.

ప్రశ్న: నేను ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్న డాక్టరును. ఇక్కడ మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నాం. పనిచేసే చోట తప్పు కనబడితే పత్రికకు చెప్పవచ్చా? చెప్పినవారికి ఏమవుతుంది? (పేరు వద్దన్నారు, లెస్టర్)

జవాబు: మీరు పనిచేస్తున్న దేశపు చరిత్రలో దీనికి బాధాకరమైన ఉదాహరణ ఉంది. బ్రిస్టల్ రాయల్ ఇన్ఫర్మరీలో 1988లో చేరిన స్టీవెన్ బోల్సిన్ అనే మత్తు డాక్టరు, అక్కడ పసిపిల్లలకు చేసే గుండె ఆపరేషన్లు మిగతా చోట్లకన్నా ఎక్కువ సమయం తీసుకుంటున్నాయనీ, ఎక్కువమంది పిల్లలు చనిపోతున్నారనీ గమనించాడు. ఊరికే అనుమానపడకుండా లెక్కలు కట్టాడు. పై అధికారులకు చెప్పాడు. వినలేదు. 1992లో ‘ప్రైవేట్ ఐ’లో ‘ఎం.డి.’ అన్న పేరుతో వైద్య శీర్షిక రాసే ఫిల్ హ్యామండ్, తనే డాక్టరు, ఈ సంగతిని అచ్చువేశాడు. అప్పటికీ ఆపరేషన్లు ఆగలేదు. 1995 జనవరిలో వద్దని సహచరులు హెచ్చరించినా చేసిన ఒక ఆపరేషన్‌లో చిన్నారి మరణించాకే కథ మారింది. 2001 జులైలో వెలువడిన ఇయాన్ కెనడీ విచారణ నివేదిక, 1991, 1995 మధ్య ఆ ఆసుపత్రిలో ఏడాది లోపు పిల్లల్లో 30 నుంచి 35 మంది మరణాలు మామూలు స్థాయికి మించి జరిగాయని అంచనా వేసింది.

వార్త వచ్చిన 1992కూ, ఆపరేషన్లు ఆగిన 1995కూ మధ్య ఆ పత్రికను చదివిన అధికారులు ఉన్నారు, చదవని అధికారులూ ఉన్నారు. చదివి ఊరుకున్నవారి గురించి మనసు కుతకుతలాడుతుంది. బోల్సిన్‌కు ఇంగ్లండ్‌లో ఇక పని దొరకదన్న పరిస్థితి వచ్చి ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు.

ఈ ఉదంతం నేపథ్యంలో 1998లో ప్రజావేగులకు, అంటే తాము పనిచేసే చోటి తప్పును బయటపెట్టేవారికి, రక్షణ కల్పించే చట్టం వచ్చింది. ఆ చట్టం ముందు యజమానికీ, తర్వాత నియంత్రణ సంస్థకూ చెప్పినవారిని ఎక్కువగా కాపాడుతుంది. నేరుగా పత్రికకు చెప్పినవారికి షరతులు ఎక్కువ. వీసా మీ ఉద్యోగంతో ముడిపడి ఉంటే ఇంకా జాగ్రత్త అవసరం. కాబట్టి మొదట రాతపూర్వకంగా లోపల ఫిర్యాదు చేయండి, తేదీలతో సహా నకలు దగ్గర ఉంచుకోండి, రోగుల వివరాలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, మీ వృత్తి సంఘం లాయరును కలవండి. బోల్సిన్ మాట చివరికి నిలబడింది ఆయన దగ్గర లెక్కలు ఉండబట్టే.

ప్రశ్న: ఇంతమంది పెద్దలను విమర్శిస్తే పరువునష్టం దావాలు పడవా? పత్రిక ఎలా బతికింది? (న్యాయశాస్త్ర విద్యార్థి, విశాఖపట్నం)

జవాబు: పడ్డాయి, కొన్నిసార్లు మూతపడే దాకా వచ్చింది. ఇంగ్లండ్ చట్టంలో రాసినది నిజమని చూపే భారం పత్రికదే. 1976లో సంపన్నుడు జేమ్స్ గోల్డ్‌స్మిత్ ఆ పత్రిక మీద, దాన్ని అమ్మే పంపిణీదారుల మీద కలిపి 60కి పైగా నోటీసులు వేశాడు. అంతటితో ఆగక, చాలాకాలంగా ఎవరూ వాడని క్రిమినల్ పరువునష్టం కేసు కూడా పెట్టాడు. పంపిణీదారులను భయపెడితే పత్రిక పాఠకుడిని చేరదు, చేరకపోతే డబ్బు రాదు, అన్నది అతని ఎత్తు. పాఠకులు చందాలు వేసి పత్రికను నిలబెట్టారు. 1977లో రాజీ కుదిరింది, పత్రిక క్షమాపణ చెప్పింది. 1986లో పత్రికాధిపతి రాబర్ట్ మ్యాక్స్‌వెల్ 55,000 పౌండ్లు గెలుచుకున్నాడు. ఆయన 1991లో తన ఓడ మీద నుంచి సముద్రంలో పడి చనిపోయాక, ఉద్యోగుల పింఛను నిధుల నుంచి 40 కోట్ల పౌండ్లకు పైగా కాజేశాడని తేలింది. కోర్టులో గెలిచినంత మాత్రాన మనిషి నిజాయితీపరుడని తేలినట్టు కాదని అక్కడి జనానికి అప్పుడు బాగా అర్థమైంది. 1989లో మరో కేసులో జ్యూరీ ఏకంగా 6 లక్షల పౌండ్లు విధించింది. అప్పీలులో ఆ మొత్తం కొట్టుకుపోయి, చివరికి 60,000కు రాజీ కుదిరింది.

మీకు ఆసక్తి కలిగించే సంగతి ఏమిటంటే, ఇంగ్లండ్‌లో క్రిమినల్ పరువునష్టాన్ని 2010లో పూర్తిగా రద్దు చేశారు. 2013 చట్టం తీవ్రమైన నష్టం జరిగిందని చూపితేనే సివిల్ దావా నిలుస్తుందంటోంది, ప్రజాప్రయోజనం కోసం రాశామన్న వాదనకూ చోటిచ్చింది. ఆంగ్లేయులు మనకు ఇచ్చిపోయిన క్రిమినల్ పరువునష్టం మాత్రం మన దగ్గర భద్రంగా ఉంది. 2016లో సుప్రీంకోర్టు దాన్ని రాజ్యాంగబద్ధమేనంది. భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షనుగా కొనసాగుతోంది. రెండేళ్ల వరకు జైలు పడే అవకాశం ఉన్న చోట ఒక చిన్న ఊరి విలేకరి మున్సిపల్ కాంట్రాక్టు గురించి రాయడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. ఈ సెక్షను పోవాలన్నది ఈ శీర్షిక రాసేవారి స్పష్టమైన అభిప్రాయం.

ప్రశ్న: మున్సిపాలిటీల అవకతవకల గురించి కూడా రాస్తారా? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: రాస్తారు. ‘రాటెన్ బరోస్’ అనే శీర్షిక దీనికోసమే ఉంది. కౌన్సిలరు బంధువులకు దక్కిన స్థలం, తలుపులు మూసి జరిపిన సమావేశం, ఉద్యోగం నుంచి సాగనంపుతూ అధికారికి ఇచ్చిన భారీ మొత్తం వంటివి అందులో వస్తుంటాయి. అక్కడ ఊరి పత్రికలు వరసగా మూతపడ్డాయి, కౌన్సిల్ సమావేశానికి వెళ్లి కూర్చునే విలేకరి కరువయ్యాడు, అందుకే ఈ చిన్న శీర్షికకు అంత విలువ.

ప్రశ్న: ఆ పత్రిక ఎన్నడూ తప్పు రాయలేదా? (ఒక పాఠకురాలు, నెల్లూరు)

జవాబు: రాసింది, అదీ పిల్లల ఆరోగ్యానికి సంబంధించిన తప్పు. 1998 ఫిబ్రవరిలో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే వైద్యుడు ‘లాన్సెట్’ పత్రికలో పన్నెండు మంది పిల్లల మీద ఒక వ్యాసం ప్రచురించి, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉందన్న అనుమానం లేవదీశాడు. ‘ప్రైవేట్ ఐ’ ఆయన పక్షం వహించింది. 2002లో ప్రత్యేక నివేదిక కూడా వేసింది. ప్రభుత్వం చెప్పేదాన్ని అనుమానించే అలవాటు ఇక్కడ దారి తప్పించింది. పోస్టాఫీసు విషయంలో ఎదుటివారి లెక్కలను ఎంత గట్టిగా పరీక్షించారో, ఇక్కడ తమకు నచ్చిన వైద్యుడి లెక్కలను అంత గట్టిగా పరీక్షించలేదు. ఇంగ్లండ్‌లో రెండేళ్ల పిల్లల్లో ఆ టీకా వేయించుకున్నవారు 2003–04 నాటికి సుమారు 80 శాతానికి పడిపోయారు. ఆ భయానికి ‘ప్రైవేట్ ఐ’ ఒక్కటే కారణం కాదు, చాలా పత్రికలు అదే పాట పాడాయి. వేక్‌ఫీల్డ్ వ్యవహారంలోని మోసాన్ని బయటపెట్టినది కూడా ఒక విలేకరే, ‘సండే టైమ్స్’లో రాసిన బ్రయన్ డీర్. 2010లో ‘లాన్సెట్’ ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. అదే ఏడాది ‘ఎం.డి.’ తన శీర్షికలో, పత్రిక ఈ విషయంలో తప్పుగా రాసిందని ఒప్పుకున్నాడు. బాగా ఆలస్యంగానైనా అచ్చులో ఒప్పుకోవడం మంచిదే, కానీ ఆ లోపు తట్టు సోకిన పిల్లలకు అది ఏ విధంగానూ ఉపయోగపడలేదు.

ప్రశ్న: జర్నలిజం చదువుతున్నాను. పెద్ద మనుషులతో పరిచయాలు లేకుండా ఇలాంటి వార్తలు తేవడం సాధ్యమేనా? (ఒక విద్యార్థిని, ఖమ్మం)

జవాబు: సాధ్యమే. పరిచయాల కన్నా కాగితాలు చదివే ఓపిక ఎక్కువ అవసరం. రిచర్డ్ బ్రూక్స్ పత్రికలోకి రాకముందు పన్ను అధికారిగా పనిచేశాడు. బ్రిటన్ పన్నుల శాఖ 2001లో తన కార్యాలయ భవనాలను వందల సంఖ్యలో అమ్మేసి, వాటినే అద్దెకు తీసుకుంది. కొన్న సంస్థ బెర్ముడాలో నమోదైనది. పన్ను వసూలు చేసే శాఖే పన్ను లేని చోటి కంపెనీకి అద్దె కడుతోందన్న సంగతిని ‘ప్రైవేట్ ఐ’ పాఠకులకు తెలియజెప్పినది ఇలాంటి దస్తావేజులు చదవడం వచ్చినవారే.

ఇంకొకటి మీరు నేరుగా అనుసరించదగినది. అక్కడి సమాచార హక్కు చట్టం 2005 జనవరి 1న, మనది అదే ఏడాది అక్టోబరు 12న పూర్తిగా అమల్లోకి వచ్చాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో విదేశీ కంపెనీల పేరుమీదున్న ఆస్తుల జాబితాను ‘ప్రైవేట్ ఐ’ ఆ చట్టం కింద భూమి రిజిస్ట్రీ నుంచి తెప్పించుకుంది. లక్షకు చేరువైన ఆ దస్తావేజులను ప్రాంతాలవారీగా పటం మీద పరిచి, 2015లో ఎవరైనా తమ వీధిని వెతుక్కునేలా ఉచితంగా అందుబాటులో పెట్టింది. లండన్ పార్లమెంటు చుట్టుపక్కల ఆస్తుల్లో ఎన్ని, పన్నులు దాదాపు లేని బ్రిటిష్ వర్జిన్ ఐలండ్స్ దీవుల కంపెనీల చేతిలో ఉన్నాయో మామూలు పౌరుడు తన కళ్లతో చూశాడు. విదేశీ కంపెనీల వెనక ఉన్న అసలు యజమాని పేరు నమోదు చేయాలన్న చట్టం 2022లో వచ్చింది. ఉక్రెయిన్ మీద రష్యా దండయాత్ర దానికి తక్షణ కారణం. పటం వేసినవారు ఏడేళ్ల ముందే ఆ అవసరాన్ని చూపించారు.

మీ దరఖాస్తు విషయంలో ఒక సూచన. సమాచార అధికారిని ‘ఎందుకు’ అని అడగకండి. కారణం చెప్పాల్సిన బాధ్యత చట్టం ఆయన మీద పెట్టలేదు, దరఖాస్తు అక్కడే తిరస్కరణకు గురవుతుంది. రికార్డు ఏ రూపంలో ఉందో ఆ రూపంలోనే అడగండి: ఫలానా ఆర్థిక సంవత్సరంలో ఫలానా పథకం కింద చెల్లించిన బిల్లుల జాబితా, కాంట్రాక్టరు పేరు, మొత్తం, తేదీ, కొలతల పుస్తకం నకలు. పది రూపాయల రుసుము కట్టండి, ముప్పై రోజులు లెక్కపెట్టండి, రాకపోతే మొదటి అప్పీలు వేయండి. వచ్చిన జాబితాను పట్టుకుని ఆ రోడ్డు మీదకు, ఆ బడి ఆవరణలోకి వెళ్లి, బిల్లులో ఉన్నది నేల మీద ఉందో లేదో చూసి రాయండి.